అమెరికా పల్లెటూళ్లలో ఎవరెవరు ఎంతమంది: జాతి, ఎథ్నిసిటీ లెక్కలపై తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఏ మారుమూల ఊరి పేరు ఇంటర్నెట్‌లో కొట్టినా ఒక అంకెల వాక్యం ఎదురవుతుంది. తెల్లవారు ఇంత శాతం, నల్లవారు ఇంత, ఆసియన్లు ఇంత, చివర్లో ‘హిస్పానిక్‌లు ఏ జాతివారైనా కావచ్చు’ అని ఒక తోక. హిస్పానిక్ అంటే స్పానిష్ భాషా దేశాల మూలాలున్నవారు. అలాంటి ఊరికి ఉద్యోగం మీద వెళ్లబోయే మనవాళ్లు, ఇక్కడ కూర్చుని ఆ ఊరి గురించి కంగారుపడే తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలివి. పెద్ద నగరాల అంకెలు చదివే పద్ధతి ఇక్కడ పనికిరాదు. డాలస్‌లో ఒక శాతమంటే 13 వేలమంది. 640 మంది ఉన్న ఊళ్లో ఒక శాతమంటే ఆరుగురు.

ఈ అంకెలు ఎవరివి?

అమెరికా సెన్సస్ బ్యూరోవి. పదేళ్లకోసారి జనాన్ని లెక్కపెట్టాలని అక్కడ రాజ్యాంగంలోనే ఉంది. 1790లో మొదలైంది. జాతి ప్రస్తావన మొదటి లెక్కలోనే ఉంది: స్వేచ్ఛగా ఉన్న తెల్లవారు, ఇతర స్వతంత్రులు, బానిసలు. బానిసల సంఖ్యలో ఐదింట మూడు వంతులు కలిపి రాష్ట్రాలకు ప్రతినిధుల సభ సీట్లు పంచేవారు కాబట్టి ఆ వివరం ప్రభుత్వానికి కావాల్సి వచ్చింది. అప్పటినుంచి ఇప్పటిదాకా ఈ గడులన్నీ ఏదో ఒక పాలన అవసరం కోసం గీసినవే. జీవశాస్త్రంతో వాటికి సంబంధం లేదని బ్యూరో తనే చెబుతుంది.

చిన్న ఊళ్లకు రెండు రకాల లెక్కలు దొరుకుతాయి. ఒకటి పదేళ్లకోసారి అందరినీ లెక్కపెట్టే సెన్సస్. రెండోది ఏటా సుమారు 35 లక్షల చిరునామాలకు వెళ్లే అమెరికన్ కమ్యూనిటీ సర్వే. జనాభా 65,000 కంటే తక్కువ ఉన్న ఊళ్లకు ఈ సర్వే ఏ ఏటికా ఏడు అంకెలు ఇవ్వదు, ఐదేళ్లవి కలిపి ఇస్తుంది. మీరు చూస్తున్న శాతం ఈ రెండింటిలో దేనిదో ముందు తేల్చుకోండి.

శాతాలు కూడితే 100 దాటుతున్నాయి. తప్పా?

తప్పు కాదు. జాతి ఒక ప్రశ్న, హిస్పానిక్ అవునా కాదా అన్నది మరో ప్రశ్న. 1997లో ఖరారైన ప్రమాణాల ప్రకారం జాతులు ఐదు: తెల్లవారు, నల్లవారు లేదా ఆఫ్రికన్ అమెరికన్లు, అమెరికన్ ఇండియన్లు (అమెరికా మూలవాసులు, మన భారతీయులు కారు)–అలాస్కా మూలవాసులు, ఆసియన్లు, హవాయి మూలవాసులు–పసిఫిక్ ద్వీపవాసులు. సెన్సస్‌లో ‘మరో జాతి’ అని ఆరో గడి కూడా ఉంటుంది. హిస్పానిక్ అన్నది వీటిలో లేదు. దాన్ని ఎథ్నిసిటీ (సాంస్కృతిక మూలం) కింద విడిగా అడుగుతారు.

కాబట్టి మెక్సికో మూలాలున్న ఒక వ్యక్తి హిస్పానిక్ లెక్కలోనూ ఉంటాడు, తెల్లవారి లెక్కలోనూ ఉండొచ్చు. ఊళ్లో తెల్లవారు 80 శాతం, హిస్పానిక్‌లు 35 శాతం అని కనబడితే గందరగోళపడకండి. ‘హిస్పానిక్ కాని తెల్లవారు’ అనే వరస వేరే ఉంటుంది, దాన్ని చూడండి. అమెరికాలో మామూలుగా మాట్లాడుకునేటప్పుడు తెల్లవారు అంటే చాలామంది ఉద్దేశం ఆ వరసే.

మనవాళ్లు ఏ గడిలోకి వస్తారు?

ఇప్పుడైతే ఆసియన్లలో, ‘ఏషియన్ ఇండియన్’ కింద. దీని వెనక పెద్ద కథే ఉంది. 1920, 1930, 1940 లెక్కల్లో భారతీయులందరికీ జాతి ‘హిందూ’. సిక్కులైనా, ముస్లింలైనా అంతే. అప్పట్లో వచ్చినవాళ్లలో ఎక్కువమంది పంజాబీ సిక్కులు కావడం ఇందులో తమాషా. 1923లో, అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్ కేసులో, భారతీయులు పౌరసత్వ చట్టం దృష్టిలో తెల్లవారు కారని సుప్రీంకోర్టు తేల్చింది. 1970 లెక్కలో అదే భారతీయుల్ని తెల్లవారిలో కలిపేశారు. 1980లో ఏషియన్ ఇండియన్ అనే గడి వచ్చింది. మనిషి మారలేదు, గడి మూడుసార్లు మారింది. పాత పట్టికల్లో ఒక ఊరి ఆసియన్ల సంఖ్య 1970కీ 1980కీ మధ్య ఒక్కసారిగా ఎగబాకితే ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఆ రోజుల్లో కాలిఫోర్నియా పల్లెల్లో, ముఖ్యంగా ఇంపీరియల్ వ్యాలీలో, వ్యవసాయం చేసుకున్న పంజాబీలు చాలామంది మెక్సికన్ స్త్రీలను పెళ్లాడారు. 1917 చట్టం వల్ల స్వదేశం నుంచి భార్యల్ని తెచ్చుకునే దారి మూసుకుపోయింది, తెల్లవారిని పెళ్లాడటానికి రాష్ట్ర చట్టం అడ్డు. ఆ పిల్లలకు సరిపోయే గడి మాత్రం ఫారంలో లేదు. ఒకరు ఒకటికంటే ఎక్కువ జాతులకు టిక్ పెట్టుకునే వీలు 2000లో గానీ రాలేదు.

తెలుగువాళ్లని విడిగా లెక్కపెట్టరు. కమ్యూనిటీ సర్వేలో ‘ఇంట్లో ఏ భాష మాట్లాడతారు’ అన్న ప్రశ్న ఒకటుంది. అమెరికాలో తెలుగువారు ఇంతమంది అని వార్తల్లో వచ్చే అంకెలు ఎక్కువగా అక్కడివే. చిన్న ఊరి స్థాయిలో ఆ వివరం దొరకడం కష్టం.

640 మంది ఉన్న ఊళ్లో ఆసియన్లు 0.6 శాతం. అంటే ఎవరు?

నలుగురు. బహుశా ఒకే కుటుంబం. హైవే పక్కనున్న చిన్న ఊరైతే మోటెల్ నడిపే గుజరాతీలు కావచ్చు. ఆసుపత్రి ఉన్న ఊరైతే డాక్టరు గారి కుటుంబం కావచ్చు, వాళ్లు తెలుగువాళ్లయినా ఆశ్చర్యపోనక్కర్లేదు. జే-1 వీసా మీద వైద్యంలో శిక్షణ పొందినవాళ్లు మామూలుగా రెండేళ్లపాటు స్వదేశానికి తిరిగిపోవాలి. డాక్టర్లు చాలని ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తే ఆ షరతు నుంచి మినహాయింపు ఇస్తారు. 1994లో మొదలైన ఈ పథకం కింద ఇప్పుడు ఒక్కో రాష్ట్రానికి ఏటా 30 స్థానాలున్నాయి. మన డాక్టర్లు ఎంతోమంది కాన్సాస్, డకోటాల పల్లెలకు చేరింది ఈ దారినే.

మూడేళ్లయ్యాక ఆ కుటుంబం నగరానికి మారిపోతే ఊళ్లో ఆసియన్లు సున్నా శాతం. దాన్నిబట్టి ఆసియన్లు ఊరొదిలి పారిపోయారని రాసేవాళ్లు కూడా ఉంటారు!

ఎవరు ఏ జాతో ఎవరు నిర్ణయిస్తారు? కాగితాలు అడుగుతారా?

ఎవరిది వారే చెప్పుకుంటారు. రుజువులు అడగరు. 1960కి ముందు మాత్రం ఇంటికొచ్చిన ఎన్యూమరేటరు (లెక్క రాసుకునే ఉద్యోగి) మొహం చూసి, ఊళ్లో అనుకునేది విని రాసుకుపోయేవాడు. అందుకే పాత రికార్డుల్లో ఒకే మనిషి ఒక దశాబ్దంలో ఒక జాతిగా, పదేళ్లకు మరో జాతిగా కనబడతాడు. 1890లోనైతే నల్లవారి రక్తం ఎనిమిదో వంతా, నాలుగో వంతా అని కూడా రాయమన్నారు. రక్తంలో వంతులు గుమ్మం దగ్గర నిలబడి ఎలా కొలిచారో వాళ్లకే తెలియాలి. ఒక్కొక్కరి జవాబులున్న అసలు పత్రాల్ని 72 ఏళ్లపాటు బయటపెట్టరు. 1950 నాటివి 2022 ఏప్రిల్ 1న విడుదలయ్యాయి.

2010లో రెండు జాతులవారు ఒక శాతం, 2020లో ఆరు శాతం. పదేళ్లలో ఊరు అంత మారిపోయిందా?

చాలావరకు మారింది ఫారమే. దేశం మొత్తమ్మీద రెండు లేదా అంతకంటే ఎక్కువ జాతులుగా లెక్కకొచ్చినవారు 2010లో 90 లక్షలు, 2020లో 3 కోట్ల 38 లక్షలు. పదేళ్లలో అన్ని మిశ్రమ వివాహాలు జరిగి, అంతమంది పిల్లలు పుట్టడం అసాధ్యం.

జరిగిందిది. 2020 ఫారంలో తెల్లవారు, నల్లవారు అనే గడుల కింద కూడా ‘మీ మూలాలు రాయండి’ అని ఖాళీ ఇచ్చారు. అంతకుముందు రాసిన దాంట్లో 30 అక్షరాలే తీసుకునేవారు, ఈసారి 200 దాకా తీసుకున్నారు. ఒకాయన తెల్లవారు అని టిక్ పెట్టి కింద ‘మెక్సికన్’ అని రాశాడనుకోండి. ఫారం లెక్క ప్రకారం మెక్సికన్ అనేది ఐదు జాతుల్లో లేదు కాబట్టి అది ‘మరో జాతి’ కిందికి పోతుంది. టిక్ పెట్టిన గడి ఎలాగూ ఉంది. ఆయన రెండు జాతులవాడయ్యాడు. ఆయన ఇల్లు, ఆయన వంశం ఎక్కడివక్కడే ఉన్నాయి.

తెల్లవారు మాత్రమే అని లెక్కకొచ్చినవారు 72.4 శాతం నుంచి 61.6కు పడిపోయారన్న వార్తలోనూ దీని పాత్ర పెద్దదే. అసలు మార్పు లేదనను. వలసలు ఉన్నాయి, కొత్త తరంలో మిశ్రమ కుటుంబాలూ పెరిగాయి, తమ మూలాల గురించి జనం ఆలోచించే తీరూ మారింది. ఏ ఊళ్లో ఏది ఎంత పాలు అన్నది ఆ శాతం ఒక్కటే చూసి చెప్పలేం.

అంత చిన్న ఊరి అంకెల్ని నమ్మొచ్చా?

నెబ్రాస్కాలో మొనోవీ అనే ఊరుంది. 2010 సెన్సస్‌లో ఊరి జనాభా ఒకటి. నిజంగానే ఊరంతటికీ ఒకే ఒక్క వృద్ధురాలు. 2020 సెన్సస్‌లో జనాభా రెండు అని వచ్చింది. ఆ రెండో మనిషి ఎవరో ఆవిడకే తెలియదు!

ఆ రెండో మనిషిని కలిపింది బ్యూరోనే, కావాలనే. ఎవరి జవాబులూ బయటపడకూడదని చట్టం. ఊళ్లో ఒకే ఆసియన్ కుటుంబం ఉంటే ఆ పట్టిక చూసినవాళ్లెవరైనా ఆ ఇంటివాళ్ల వయసులు, కుటుంబ వివరాలు ఇట్టే పట్టేస్తారు. అందుకని 2020 నుంచి అంకెల్ని ఒక గణిత పద్ధతిలో కాస్త అటూ ఇటూ కదిపి ప్రచురిస్తున్నారు. రాష్ట్రాల మొత్తం జనాభాను మాత్రం ముట్టుకోరు. ఊరి మొత్తం జనాభా సైతం స్వల్పంగా కదిలి ఉండొచ్చు. లక్షమందిలో ముగ్గురి తేడా ఎవరికీ పట్టదు. వందమంది ఊళ్లో మాత్రం ఆ ముగ్గురూ మూడు శాతం.

కమ్యూనిటీ సర్వేది ఇంకో తంటా. అది శాంపిల్ కాబట్టి ప్రతి అంకె పక్కనా తేడా ఎంత ఉండొచ్చో వేస్తారు. చిన్న ఊళ్లకు ‘ఆసియన్లు: 9, ప్లస్ ఆర్ మైనస్ 14’ లాంటి వరసలు మామూలే. అంటే ఒక్కరూ లేకపోవచ్చు, ఇరవైమందికి పైగానూ ఉండొచ్చు. దీన్ని పట్టుకుని ఊళ్లో ఆసియన్లు రెట్టింపయ్యారనో సగమయ్యారనో అనడం శుద్ధ దండగ.

లెక్కలోకి రానివాళ్ల సంగతీ ఉంది. 2020 సెన్సస్ అయ్యాక బ్యూరో తనే జరిపిన తనిఖీలో హిస్పానిక్‌లు 4.99 శాతం, నల్లవారు 3.30 శాతం, రిజర్వేషన్లలోని (అంటే మూలవాసులకు కేటాయించిన ప్రాంతాల్లోని) మూలవాసులు 5.64 శాతం తక్కువగా నమోదయ్యారని తేలింది. హిస్పానిక్ కాని తెల్లవారు 1.64 శాతం, ఆసియన్లు 2.62 శాతం ఎక్కువగా నమోదయ్యారు. ఇవి దేశం మొత్తానికి వర్తించే అంకెలు, మీ ఊరికి యథాతథంగా తగిలించకండి.

లెక్కలో నల్లవారు గణనీయంగా ఉన్నారు, వీధిలో మాత్రం కనబడరు. ఎందుకు?

ఊరి శివార్లలో జైలుందేమో చూడండి. ఖైదీని సొంతూరి లెక్కలో కాక జైలు ఉన్నచోటి లెక్కలో వేస్తారు. నగరం నుంచి తెచ్చి పల్లెటూరి జైల్లో పెట్టిన మనిషి కాగితం మీద ఆ పల్లె నివాసి.

అయోవాలోని అనమోసా దీనికి పేరుమోసిన ఉదాహరణ. అక్కడి పురపాలక వార్డుల్లో ఒకదాని జనాభాలో సుమారు 1,300 మంది రాష్ట్ర జైలు ఖైదీలే. వాళ్లకు ఓటు లేదు. మిగిలినవాళ్లు కొద్దిమంది. 2005లో ఆ వార్డుకు ఎవరూ పోటీచేయలేదు. బ్యాలెట్‌పై చేత్తో రాసిన రెండంటే రెండు ఓట్లతో ఒకాయన కౌన్సిలర్ అయిపోయాడు. ఆ తర్వాత ఊరు వార్డుల పద్ధతినే మార్చుకుంది. పట్టికలో ‘గ్రూప్ క్వార్టర్స్’ అనే వరస చూస్తే ఈ సంగతి తెలిసిపోతుంది. కాలేజీ హాస్టళ్లు, వృద్ధాశ్రమాలు కూడా దాని కిందికే వస్తాయి.

కొన్ని పల్లెటూళ్లలో హిస్పానిక్‌లు, సోమాలీలు, లావోస్‌వాళ్లు ఒక్కసారిగా ఎలా పెరిగారు?

చాలాచోట్ల జవాబు మాంసం ఫ్యాక్టరీ. ఒకప్పుడు పశువుల్ని రైళ్లలో షికాగో లాంటి నగరాలకు తోలేవారు, కోత అక్కడే. 1960ల నుంచి కంపెనీలు పశువులున్న చోటికే ఫ్యాక్టరీలు తెచ్చాయి. జీతాలు తక్కువ, యూనియన్ల బెడద తక్కువ. 1971లో షికాగో స్టాక్‌యార్డ్స్ మూతపడింది. పని కష్టం, గాయాల పని. స్థానికులు నిలవలేదు. కంపెనీలు ఎక్కడెక్కడినుంచో మనుషుల్ని రప్పించాయి. కాన్సాస్‌లోని గార్డెన్ సిటీకి 1980 తర్వాత వియత్నాం, మెక్సికోల నుంచి జనం అలా వచ్చారు. అయోవాలోని స్టార్మ్ లేక్ కథా అదే.

అయోవాలోనే ఉన్న పోస్ట్‌విల్‌ది మరీ విచిత్రం. రెండు వేల చిల్లర జనాభా, జర్మన్, నార్వే మూలాల రైతుల ఊరు. 1987లో న్యూయార్క్ నుంచి హసీదీలనే సంప్రదాయ యూదులు వచ్చి మూతపడ్డ మాంసం ఫ్యాక్టరీని కోషర్ (యూదుల ఆహార నియమాల ప్రకారం కోసే) ఫ్యాక్టరీగా తెరిచారు. పనికి గ్వాటెమాలా, మెక్సికో వాళ్లు వచ్చారు. 2008 మే 12న ఇమిగ్రేషన్ అధికారులు దాడిచేసి 389 మందిని అరెస్టు చేశారు. ఊరి జనాభాలో ఆరో వంతు కంటే ఎక్కువ, ఒకే పూటలో! తర్వాత ఆ ఖాళీల్లోకి సోమాలీలు వచ్చారు, పసిఫిక్‌లోని పలావు నుంచీ మనుషుల్ని తెచ్చారు. పలావువాళ్లకు అమెరికాలో పనిచేయడానికి వీసా అక్కర్లేదు మరి. 2000 సెన్సస్‌కీ 2010 సెన్సస్‌కీ మధ్య ఇంత జరిగింది. ఆ రెండు పట్టికలు మాత్రమే పక్కపక్కన పెట్టి చూసేవాడికి ఇందులో సగం కూడా కనబడదు.

యూదులు, ముస్లింలు, ఆమిష్‌లు లెక్కలో ఎక్కడుంటారు?

ఉండరు. మతం గురించి తప్పనిసరి ప్రశ్న వేయకూడదని 1976 నుంచి చట్టమే ఉంది. పోస్ట్‌విల్‌లో హసీదీలూ, వాళ్ల పక్కింటి లూథరన్ క్రైస్తవ రైతులూ ఒకే గడిలో తెల్లవారు.

దాదాపు అందరూ తెల్లవారే ఉన్న ఊళ్లు అలా ఎందుకున్నాయి?

కొంత వలస చరిత్ర. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాల చొప్పున భూమి పంచారు. రైల్వే కంపెనీలు యూరప్‌లో ప్రకటనలు వేసి మరీ జనాన్ని పిలిచాయి. స్వీడన్‌వాళ్లది ఒక ఊరు, రష్యా నుంచి వచ్చిన జర్మన్లది పక్క ఊరు.

మిగతాది అంత ముచ్చటైన చరిత్ర కాదు. ఆరెగన్ 1857 రాజ్యాంగంలో నల్లవారు వచ్చి స్థిరపడకూడదని రాసుకుంది, ఆ మాట 1926 దాకా తీసేయలేదు. పొద్దుగుంకాక నల్లవారు కనబడకూడదన్న ఊళ్లు ఉత్తరాది రాష్ట్రాల్లోనూ చాలా ఉండేవి. జార్జియాలో ఫోర్సైత్ కౌంటీ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) పేరు మన తెలుగువాళ్లలో చాలామందికి తెలుసు, కమ్మింగ్ చుట్టుపక్కల ఇళ్లు కొనుక్కున్నారు. 1912లో ఆ కౌంటీ పల్లె ప్రాంతం. ఆ ఏడాది అక్కడున్న సుమారు 1,100 మంది నల్లవారిని మూకలు బెదిరించి, ఇళ్లు తగలబెట్టి వెళ్లగొట్టాయి. 1980ల దాకా ఆ కౌంటీలో నల్లవారు లేరనే చెప్పాలి. 2020కి జనాభా రెండున్నర లక్షలు దాటింది, అందులో దాదాపు 18 శాతం ఆసియన్లు. ఒక ఊళ్లో ఫలానావారు సున్నా శాతం అని చూసినప్పుడు వాళ్లు ఎప్పుడూ రాలేదా, వచ్చాక తరిమేశారా అన్నది అడిగి తెలుసుకోవాల్సిన విషయం.

పల్లె అంటే తెల్లవారి ఊరనేనా?

అది వార్తల్లో తయారైన బొమ్మ. మిసిసిపీ డెల్టాలో మౌండ్ బయూ ఊరిని 1887లో విముక్తి పొందిన బానిసలు కట్టుకున్నారు, ఇవాళ్టికీ దాదాపు అందరూ నల్లవారే. కాన్సాస్‌లో నికోడెమస్‌ను కెంటకీ నుంచి వచ్చిన నల్లవారు 1877లో స్థాపించారు. ఇప్పుడక్కడ గుప్పెడుమందే ఉన్నా అది జాతీయ చారిత్రక స్థలం. నార్త్ కరొలైనాలోని పెంబ్రోక్‌లో సగానికి మించి లంబీ అనే మూలవాసీ తెగవారు. టెక్సస్ సరిహద్దులో స్టార్ కౌంటీ 95 శాతానికి పైగా హిస్పానిక్. వాళ్లలో కొందరి పూర్వీకులు అది టెక్సస్ కాకముందు నుంచీ అక్కడే ఉన్నారు. సరిహద్దే వాళ్లను దాటింది.

ఎంత చిన్నదైతే గ్రామీణం అంటారు?

2020 లెక్కకు 5,000 మంది లేదా 2,000 ఇళ్లు ఉంటే పట్టణ ప్రాంతం, మిగిలిందంతా గ్రామీణం. అంతకుముందు గీత 2,500 దగ్గర ఉండేది. కాబట్టి 3,000 మంది ఉన్న ఊరు కదలకుండానే పట్టణం నుంచి పల్లెల్లోకి వచ్చింది.

మేం ఒక చిన్న ఊరికి మారుతున్నాం. ఏ అంకెలు చూడాలి?

సెన్సస్ బ్యూరో డేటా సైట్‌లో ఊరి పేరు కొట్టి 2020 సెన్సస్ పీ2 పట్టిక తీయండి. అందులో ముందు హిస్పానిక్‌లు, తర్వాత హిస్పానిక్ కానివారు జాతులవారీగా ఉంటారు, కాబట్టి కూడితే సరిగ్గా 100 వస్తుంది. శాతాలు వదిలేసి మనుషుల సంఖ్య చదవండి. ఒకే పేరుతో అదే రాష్ట్రంలో రెండు చోట్లు ఉండొచ్చు: విస్కాన్సిన్, న్యూయార్క్‌లలో టౌన్ వేరు, అదే పేరున్న విలేజ్ వేరు.

తర్వాత కౌంటీ పట్టిక చూడండి. పల్లెల్లో జనం సరుకులకూ, ఆసుపత్రికీ, ఉద్యోగానికీ పక్క ఊళ్లకు పోతుంటారు. ఊరి గీత లోపల ఎవరున్నారన్నదానికన్నా చుట్టూ ముప్పై మైళ్లలో ఎవరున్నారన్నదే మీ రోజువారీ బతుకును తేలుస్తుంది. పిల్లలుంటే స్కూల్ డిస్ట్రిక్ట్ అంకెలు తప్పనిసరి. అవి ఏటా వస్తాయి, పైగా పిల్లల కూర్పు పెద్దల కూర్పులా ఉండదు. ఊరి మొత్తం మీద హిస్పానిక్‌లు నాలుగో వంతు ఉన్నచోట ఒకటో తరగతిలో సగంమంది వాళ్లే ఉండొచ్చు, ఎందుకంటే తెల్లవారిలో ముసలివాళ్లు ఎక్కువ.

ఊరివాళ్లు మనల్ని ఎలా చూస్తారన్నది మాత్రం ఏ పట్టికలోనూ దొరకదు. ఆ ఊరి ఆసుపత్రిలోనో స్కూల్లోనో ఇప్పటికే పనిచేస్తున్న మనవాళ్లు ఎవరైనా ఉంటే ఒక ఫోన్ కొట్టండి.

2030లో ఈ ప్రశ్నలు మారతాయా?

2024 మార్చిలో ప్రమాణాలు సవరించారు. దాని ప్రకారం జాతి, హిస్పానిక్ ప్రశ్నలు రెండూ కలిసి ఒకే ప్రశ్న అవుతాయి. ఇన్నాళ్లూ తెల్లవారిలో లెక్కించిన మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా మూలాలవారికి విడిగా గడి వస్తుంది. మొత్తం ఏడు గడులు, ఎన్నింటికైనా టిక్ పెట్టుకోవచ్చు. అదే అమలైతే 2020 అంకెల్ని 2030 అంకెలతో నేరుగా పోల్చడం కుదరదు. ఊరు మారకపోయినా శాతాలు మారతాయి.